సడిలేనోళ్ల యుద్ధం

మొన్న హోట్గి రోడ్డులో ఉండే మా తమ్ముడి ఇంటికి పోయాను. తమ్ముడి కూతురు టీవీకి ముక్కు ఆనించి కూర్చుంది. జపాను వాళ్ల బొమ్మల సీరియల్ అట. మేఘాల మీద కోటలు, రెక్కల గుర్రాలు, అరచేతిలో నిప్పు పుట్టించే పిల్లలు. ఇంటికి మేనత్త వచ్చిందన్న ధ్యాసే లేదు దానికి. ఊరికే మాట కలుపుదామని "ఎందుకే వీళ్లు గిట్ల కొట్టుకుంటున్నరు?" అని అడిగాను.

"అత్తా, నీకు సమజ్ కాదు," అంది నా వైపు తిరగకుండానే. "ఇప్పటి లొల్లి గాదిది. భూమి పుట్టక ముందు ఒక పెద్ద యుద్ధం అయింది. అది తెలుస్తేనే స్టోరీ తెలుస్తది."

నాకు పకపకా నవ్వొచ్చింది.

"నాకు తెల్వదనుకున్నవా?" అన్నాను. "మొదట్ల దేనికీ రంగు లేకుండె. సప్పుడోళ్లు ఒక దిక్కు, సడిలేనోళ్లు ఒక దిక్కు. గదే గద?"

అప్పుడు తల తిప్పింది. "అట్లాంటోళ్లు ఇందుల లేరత్తా."

లేరు మరి. వాళ్లు ఏ జపానులోనూ పుట్టలేదు. తొంభైల్లో, సోలాపూర్‌లో కుంఠా నాకా దగ్గర మా సందులో, ఒక చెవిటి మనిషి నోట పుట్టారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. తమ్ముడి ఇంటి నుంచి తిరిగి వస్తుంటే ఆటోలో దారి పొడుగునా ఆయనే గుర్తొచ్చాడు.

ఆయన మా ఎదురింటాయన. మా మామగారి ఈడువాడు కాబట్టి నాకు మామ, నా బిడ్డకు తాత. పేరు చెప్పను. ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు నాకు తెలిసి లేరు, పిలిచినా వినపడదు. మీసాలు రాని వయసు నుంచి పవర్‌లూముల మధ్య నిలబడి నిలబడి రెండు చెవులూ అక్కడే వదిలేసి వచ్చాడు. మా దగ్గర అది వింత కాదు. లూములు నడిచే షెడ్డులో పక్కవాడు చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని అక్కడివాళ్లు గొంతు పెట్టకుండా ఉత్త పెదవులతో మాట్లాడుకుంటారు. పెదవులు సాగదీసి, చేతులు తిప్పి, కనుబొమలు ఎగరేసి, దారం తెగిన సంగతి నుంచి పెళ్లాం అలిగిన సంగతి దాకా అన్నీ చెప్పుకుంటారు. షెడ్డులో పనిచేసే ప్రతివాడికీ ఆ విద్య కొద్దో గొప్పో వస్తుంది. మామకు వచ్చినట్టు మాత్రం ఎవరికీ రాలేదు.

సందు ఈ చివర కూర్చుని ఆ చివరివాళ్ల మాటలు చదివేసేవాడు. తెలుగైనా, మరాఠీ అయినా, హిందీ అయినా సరే. చదివి ఊరుకుంటే బాగుండేది. జవాబు చెప్పేవాడు. అదీ కేక పెట్టి. తన గొంతు ఎంత లేస్తుందో తనకు తెలియదు కదా. ఒకసారి నల్లా దగ్గర ఇద్దరు ఆడవాళ్లు మూడో ఆమె చీర గురించి గుసగుసలాడుకుంటుంటే, ఈయన తన ఇంటి ముందు కట్ట మీద నుంచి "పాత చీర గాదే అది! దసరాకు కొన్నదే, నేను చూసిన!" అని అరిచాడు. అప్పటి నుంచి మామ కనపడితే చాలు, ఆడవాళ్లంతా కొంగు మూతికి అడ్డం పెట్టుకునేవాళ్లు. ఊరి నుంచి వచ్చిన చుట్టాలు అది చూసి, ఈ సోలాపూర్‌లో పెద్దలంటే ఎంత మర్యాద అని మెచ్చుకునేవాళ్లు. మర్యాదా లేదు, గాడిద గుడ్డూ లేదు.

నేను పెళ్లయి వచ్చిన కొత్తలో "ఆ ఎదురింటి ముసలాయన ఎప్పుడు చూసినా నా మూతి దిక్కే చూస్తుండు" అని మా ఆయన దగ్గర ఏడుపు మొహం పెట్టాను. మా ఆయన పడీ పడీ నవ్వాడు. "అందరి మూతి దిక్కే చూస్తడు. ఆయనకు చెవులు అవే," అన్నాడు.

మామ ఇంటామె నోరు మంచిది కాదు. ఆమె తిట్లు అందుకోగానే మామ కళ్లు మూసుకునేవాడు. అంతే, ఇక తిట్లు లేవు. ఆమెకు ఒళ్లు మండిపోయి, దగ్గరికొచ్చి, రెండు వేళ్లతో ఆయన కనురెప్పలు పైకెత్తి పట్టుకుని మరీ తిట్టేది. ఆ దృశ్యం చూడని రోజు మాకు పొద్దు పోయేది కాదు.

మా సందులో మొదట కేబుల్ టీవీ వచ్చింది వాళ్ల ఇంటికే. మధ్యాహ్నం కాగానే మేమంతా చాటలు చంకన పెట్టుకుని వాళ్ల ముందు గదిలో చేరి బీడీలు చుట్టేవాళ్లం. మూడు వైపులా లూములే. నేల కూడా సన్నగా అదురుతూ ఉండేది. తంబాకు వాసనకు, ఆ ఎండకు, ఆ ఒక్క తీరు చప్పుడుకు కళ్లు మూతలు పడేవి, చేతులు మాత్రం చుట్టుకుంటూ పోయేవి. టీవీ గొంతు ఎంత పెంచినా ఆ చప్పుడు ముందు ఆగేది కాదు. మాకు బొమ్మ కనపడేది, మాట అందేది కాదు. మాట చెప్పడానికి మామ ఉన్నాడు. ఆయన గొంతు లూములను కూడా మించేది. "ఏమంటున్నడు మామా?" అని మేం మూతులు కదిపితే ఆయన కుర్చీలో వెనక్కి వాలి హిందీ సీరియల్‌ను తెలుగులో చెప్పేవాడు. "ఇల్లు తమ్ముని పేర రాసిండట." "గామె ఏడుపు ఉత్తదే, లోపల ఖుషీగున్నది." చెవులున్న మేమంతా టీవీ కథల కోసం చెవిటాయన మీద ఆధారపడ్డాం.

ఇక నా బిడ్డ సంగతి చెప్పాలి. అది పుట్టుకతో బాగానే ఉండేది. గడగడా మాట్లాడేది, నా పోలికే అనేవాళ్లు. నాలుగేళ్లప్పుడు మెదడు జ్వరం వచ్చింది. దవాఖానా నుంచి ప్రాణంతో తెచ్చుకున్నాం కానీ వినికిడి పోయింది. ఆ తర్వాత అది తల ఎత్తడం మానేసింది. ఎవరి ముఖమూ చూడదు, నా ముఖం కూడా. ముట్టుకుంటే విదిలించుకునేది. బీడీ ఆకు కత్తిరించగా మిగిలిన ముక్కలు నేల మీద వరసలుగా పేర్చుకుంటూ, వంగిన తల వంగినట్టే రోజంతా గడిపేది. వచ్చిన మాటలు కూడా రాలిపోయాయి. కొన్నాళ్లకు గొంతు పెట్టడమే మానేసింది. ఏడిస్తే కూడా సడి లేకుండా ఏడ్చేది.

చెవిటి పిల్లల బడికి తీసుకుపోయాను. అక్కడి టీచరమ్మ మంచి మనిషి. దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవాలని చూసింది, అది దిగిపోయింది. "ముందు మనిషి ముఖం చూడాలి తల్లీ," అని మరాఠీలో నిదానంగా చెప్పింది. "ముఖం చూడని పిల్లకు మేం ఏం నేర్పగలం? మాట వచ్చిన పిల్ల కదా, గొంతు వాడకపోతే అది కూడా పోతుంది. వచ్చే జూన్‌లో మళ్లీ తీసుకురా." ఆ రోజు నుంచి నాకు ఒకటే కోరిక. బిడ్డ తల ఎత్తాలి. దాని గొంతు మళ్లీ వినాలి. మొక్కని దేవుడు లేడు.

ఒక మధ్యాహ్నం కేబుల్ వాడు ఏం మార్చాడో, మా సీరియల్ రావలసిన చోట బొమ్మలు వచ్చాయి. ఒంటికొమ్ము జింక మీద వెండి జుట్టు పిల్ల ఒకతె పోతోంది. ఆకాశంలో రెండు చందమామలు. వెనక పొగలాగా నల్లటి గుంపు, వాళ్ల ముఖాలకు నోళ్లే లేవు. "పోరగాండ్లది ఇది" అని ఎవరో గొణిగారు గానీ, ఆ రంగులు చూస్తూ ఒక్కరూ లేవలేదు. అలవాటుగా "ఏమంటున్నది మామా ఆ పోరి?" అని అడిగాం.

మామ ముందుకు వంగాడు. కళ్లు చికిలించాడు. బొమ్మల కళ్లు ఇంతింత ఉంటాయి, మూతి మాత్రం చిన్న గీత. తెరిస్తే సున్న, మూస్తే గీత. ఏ మాట అన్నా ఆ సున్నే, ఆ గీతే. దాన్ని ఏ మానవుడు చదవగలడు? ఇంతమందిమి ఉన్నాం, ఒక్కరికి ఆ ఆలోచన రాలేదు. మనుషుల పెదవులు చదివే మామ బొమ్మల పెదవులు ఎందుకు చదవడు అనుకున్నాం. ఆయన కూడా రాదని చెప్పలేదు. అంతమంది ఆడవాళ్లు చాటలు ఆపి తన ముఖం చూస్తుంటే రాదని ఎట్లా చెప్తాడు? పరువు పోదూ! కాసేపు మీసం దువ్వుకున్నాడు. "శాన ముందటి సంగతి చెప్తున్నది," అని మొదలు పెట్టాడు.

"సూర్యుడు లేడు, చంద్రుడు లేడు, గప్పటిది. రెండు తీర్ల జనం ఉండిరి. సప్పుడోళ్లు, సడిలేనోళ్లు. సప్పుడోళ్లు నోటితోని ఏది పిలుస్తే గది పుడుతుండె. గుట్ట అంటే గుట్ట లేస్తుండె. ఏరు అంటే ఏరు పారుతుండె. గని దేనికీ రంగు లేదు. తను ఏ రంగుండాల్నో నీళ్లకే తెల్వది. గప్పుడు సడిలేనోళ్లు వచ్చి దాని దిక్కు సూస్తుండిరి. సూసి, సూసి, సూస్తే గుట్ట పచ్చవడె. ఏరు నీలం అయ్యె. వాళ్లు పిలుసుడు, వీళ్లు సూసుడు. మంచిగనే నడుస్తుండె లోకం."

"మరి లొల్లి ఎందుకైంది మామా?"

"రాత్రి కాడ అయింది," అన్నాడు మామ. "రాత్రిని ఎవలు చేసిండ్రని. మేం పిలుస్తే వచ్చింది అని సప్పుడోళ్లు. మేం కండ్లు మూస్తే వచ్చింది అని సడిలేనోళ్లు. గట్ల మొదలైంది. ఇంక ఆగలే."

చెప్తూ చెప్తూ చేతులు కదిపాడు. లూముల దగ్గర బతుకంతా మాట్లాడిన చేతులవి. పిలవడానికి నోటి దగ్గర పిడికిలి విప్పాడు. చూడటానికి రెండు వేళ్లు కళ్ల దగ్గర నుంచి ముందుకు చాపాడు. రాత్రికి అరచేతిని నుదుటి మీద నుంచి గడ్డం దాకా మెల్లగా దించాడు. అప్పుడు పక్కకు చూశాను. నా బిడ్డ తల ఎత్తి ఉంది. టీవీ వైపు చూడటం లేదు, ఆ చేతులను చూస్తోంది.

నేను కదిలితే ఎక్కడ మళ్లీ తల దించుకుంటుందో అని ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. మామ కూడా గమనించాడు. టీవీలో బొమ్మలు అయిపోయి ఇంకేదో వచ్చినా ఆయన తన యుద్ధం ఆపలేదు.

ఆ తర్వాత రోజూ అదే. బొమ్మల్లో ఏది వస్తే దాన్ని తన కథలో కలుపుకునేవాడు. ఆకాశంలో పెద్ద చేప ఈదుతూ వస్తే, "గది సప్పుడోళ్ల పని. కోపంల సముద్రమని పిలవబోయి సగమే పిలిచిండ్రు, సముద్రం రాలే, చేప వచ్చింది" అనేవాడు. మధ్యలో సబ్బు ప్రకటన వస్తే, "ఇగో, రెండు దిక్కులోళ్లు స్నానాలకు లేసిండ్రు. యుద్ధం అయినా స్నానం తప్పదు గద" అనేవాడు. మేం నవ్వి నవ్వి తంబాకు ఒలకబోసుకునేవాళ్లం. కానీ ఒక్కోసారి ఎవరికీ నవ్వు వచ్చేది కాదు. సప్పుడోళ్లు కోపం కొద్దీ ఏవేవో పిలిచి పుట్టించారట. సడిలేనోళ్లు అలిగి వాటి వైపు చూడలేదట. ఎవరూ చూడని ఆ వస్తువులన్నీ రంగూ రూపూ లేకుండా ఇంకా ఆకాశంలో తిరుగుతున్నాయట. "మబ్బులు గవే," అన్నాడు మామ. ఆ మధ్యాహ్నం మేం చుట్టడం ఆపి, కిటికీ లోంచి కనపడే రేకుల పైకప్పుల మీది ఆకాశాన్ని చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయాం.

బిడ్డ ఇప్పుడు టీవీకి వీపు పెట్టి, మామకు ఎదురుగా కూర్చునేది. చేతులు చూస్తూ చూస్తూ ముఖం చూడటం మొదలు పెట్టింది. అయితే మామది మామూలు మీసం కాదు, పై పెదవి మొత్తాన్ని కప్పేసి కిందికి దిగేది. బిడ్డ ముందుకు వంగి, మెడ వంచి, ఆ మీసం కింద నుంచి తొంగి చూసేది, గుడిసెలోకి తొంగి చూసినట్టు. మామ రెండు రోజులు గమనించాడు. ఆ తర్వాతి పొద్దున మీసం నున్నగా గీయించుకుని వచ్చి కట్ట మీద కూర్చున్నాడు.

మావాళ్లలో అమ్మో నాయనో పోతే తప్ప మగవాడు మీసం తీయడు. ఆయన తల్లిదండ్రులు పోయి ఎన్నేళ్లయిందో! సందంతా గుప్పుమంది. పాలవాడు సైకిలు ఆపి టోపీ తీసి నిలబడ్డాడు. వెనక సందు నుంచి వాళ్ల చుట్టపామె "అయ్యో, ఎంత పని అయిపాయె" అని రాగం తీస్తూ వచ్చింది, చేతిలో చాయ్ కెటిల్ కూడా ఉంది. చావు ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా. ఇంటామె వాకిట్లో నిలబడి "ఎవలు సచ్చిండ్రని తీసినవ్ ఆ మీసం? నేను నిక్షేపంగ ఉంటి గద!" అని అరిచింది. మామ కళ్లు మూసుకున్నాడు. ఆమె రెప్పలు తెరవడానికి వచ్చేసరికి, "ఎవలు సావలే. పోరికి అడ్డం వస్తున్నదని తీసిన," అన్నాడు. ఆమె చెయ్యి ఆగిపోయింది. చుట్టపామె తెచ్చిన చాయ్ మేమే తాగాం.

ఒక సాయంత్రం సందులో నిలబడి బిడ్డ ఆకాశం వైపు రెండు వేళ్లు చాపి చూస్తోంది. ఒక తెల్లటి మబ్బు ముక్క లూము షెడ్డు పొగగొట్టం మీదికి వచ్చి ఆగింది. బిడ్డ రెప్ప వేయకుండా దాన్నే చూసింది. పొద్దు గుంకుతోంది కదా, మబ్బు అంచు మెల్లగా ఎర్రబడింది. తర్వాత మొత్తం ఎర్రబడింది. బిడ్డ గిరుక్కున నా వైపు తిరిగి నా ముఖంలోకి చూసింది. ఎంత గర్వం ఆ కళ్లల్లో! రంగు వేసింది తనే. నేను "అవు బిడ్డా, నువ్వే చేసినవ్" అన్నాను. అది నా పెదవులు చూసింది, అర్థమైనట్టు తల ఊపింది. ఆ రాత్రి అన్నం తినకుండానే నా కడుపు నిండిపోయింది.

ఆ తర్వాత నా మాటలు, వాళ్ల నాయన మాటలు, సందులోవాళ్ల మాటలు ఒక్కొక్కటే చదవడం నేర్చింది. తను ఏ దిక్కో కూడా తేల్చేసుకుంది. మామ చేతులతో "నువ్వు ఎవరి దిక్కు?" అని అడిగితే, తెర మీద ఆ నోళ్లు లేని నల్ల గుంపును చూపించి గుండె మీద చెయ్యి వేసుకునేది. వాళ్లే సడిలేనోళ్లని మామ ఎప్పుడో చెప్పేశాడు. నోళ్లు లేనివాళ్లు అంతకన్నా ఎవరవుతారు? ముఖం చూడటం వచ్చింది, పెదవులు చదవడం వచ్చింది, గొంతు మాత్రం రాలేదు. టీచరమ్మ చెప్పిన జూన్ దగ్గర పడుతోంది.

ఎండాకాలంలో కూలి గురించి లొల్లి అయి లూములన్నీ బంద్ పడ్డాయి. ఆ నిశ్శబ్దానికి మాకే భయమేసింది. చంటిపిల్లలు లూముల చప్పుడు లేక నిద్రపోకుండా ఏడ్చారు. మేం అలవాటు కొద్దీ అరుచుకుంటూనే ఉన్నాం, తర్వాత సిగ్గుపడి గొంతులు తగ్గించుకున్నాం. బీడీల పని మాత్రం ఆగలేదు కాబట్టి మధ్యాహ్నం యథాప్రకారం మామ ఇంట్లో చేరాం. మలుపులో కార్ఖానా నడిపే వాళ్ల అమ్మాయి, కాలేజీలో చదివేది, సెలవుల్లో పొద్దుపోక తనూ వచ్చి కూర్చుంది.

బొమ్మలు వచ్చాయి. ఆ రోజు మొదటిసారి వాటి మాటలు మా చెవిన పడ్డాయి. శుభ్రమైన హిందీ. మామకు అదేం తెలుసు? ఆయన ఎప్పటిలాగే గొంతు ఎత్తి, సడిలేనోళ్లు రెండో చందమామ వెనక ఎట్లా దాక్కున్నారో చెప్తున్నాడు. టీవీ ఇంకేదో చెప్తోంది. మేం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం.

కాలేజీ పిల్ల ఆగలేకపోయింది. "తాతా, అది గాదు!" అంది. దానికి దురుద్దేశం ఏమీ లేదు, తెలిసింది చెప్పింది అంతే. "వేల ఏండ్ల కింద దేవుళ్లకు రాక్షసులకు యుద్ధం అయింది. ఆ నోరు లేనోళ్లు లేరా, ఆ నల్ల గుంపు, వాళ్లే రాక్షసులు. వాళ్లను బండ కింద పాతిపెట్టిండ్రు. ఇప్పుడు మల్ల లేస్తున్నరు. గంతే కథ."

గదంతా గొల్లున నవ్వింది. "బాప్ రే మామా! ఇన్ని దినాల సంది మమ్ముల పిచ్చోళ్లను చేసినవా!" అని ఒకరు, "బొమ్మల మూతులు చదివిండట, మనం నమ్మినం, మనకుండాలె బుద్ధి" అని ఒకరు. మామ అందరి పెదవులూ చూశాడు. దొరికిపోయిన దొంగలాగా తనూ నవ్వాడు. నవ్వుతూ బిడ్డ వైపు తిరిగి ఆగిపోయాడు.

బిడ్డ కాలేజీ పిల్ల మూతి చదివేసింది. తల తిప్పి టీవీ వైపు చూసింది. తెర మీద ఆ నల్ల గుంపు ఉంది. బిడ్డ వాళ్లను చూస్తూ తన మూతిని చేత్తో తడుముకుంది. తర్వాత లేచి, ఎవరి వైపూ చూడకుండా మా ఇంటికి వెళ్లిపోయింది. నేను వెనకే పరుగెత్తాను. మూలన కూర్చుని ఉంది, తల వంచుకుని, ఆకుముక్కలు ముందు పెట్టుకుని. నేను ఎదుట కూర్చుని ఎన్ని మాటలు చెప్పినా వంచిన తల ఎత్తలేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

నాకు దుఃఖం కన్నా కోపం ఎక్కువ వచ్చింది. కాలేజీ పిల్లను అనడానికి ఏముంది? నేరుగా మామ ఇంటికి పోయి ఆయన ఎదుట నిలబడ్డాను.

"లేనిది ఎందుకు చెప్పినవ్ మామా? రాదంటే మేం కొడుతుంటిమా?" అన్నాను. "నా బిడ్డ ఎప్పటి తీరుగనే అయిపాయె. జూన్ వచ్చె. ఇప్పుడు నేనేం చెయ్యాలె?"

కళ్లు మూసుకుంటాడేమో అనుకున్నాను. మూసుకోలేదు. నేను ఏడుస్తూ అన్న ప్రతి మాటా చూశాడు. "ముందుగల పరువు కోసమే చెప్పిన కోడలా, నిజం, ఖరే," అన్నాడు. మొదటిసారి ఆయన గొంతు చిన్నగా వచ్చింది. "తర్వాత పోరి నా మొఖం చూసింది. చూస్తుంటే ఆపబుద్ధి గాలే." నేను వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేశాను.

మర్నాడు మధ్యాహ్నం ఆయనే మా ఇంటికి వచ్చాడు. లూములు ఇంకా మొదలు కాలేదు. సందంతా మత్తుగా, ఎండలో తేలుతున్నట్టు ఉంది. నేను గుమ్మంలో చాట పెట్టుకుని చుట్టుకుంటున్నాను. మామ నన్ను దాటి లోపలికి పోయి, మోకాళ్లు పట్టుకుని కష్టంగా బిడ్డ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. పలకరించలేదు. చేతులతో ఒక్క మాట కూడా చెప్పలేదు. దాని ఆకుముక్కల్లో నల్లటివి కొన్ని ఏరి గుంపుగా పెట్టాడు. జేబులోంచి గులకరాయి తీసి ఆ గుంపు మీద పెట్టాడు. తల వంచుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

బండ కింద పాతిపెట్టిండ్రు. కాలేజీ పిల్ల చెప్పిన కథ అదే.

బిడ్డ చూసింది. చెయ్యి చాపి రాయిని పక్కకు నెట్టేసింది. మామ తల ఎత్తకుండానే దాన్ని మళ్లీ తెచ్చి పెట్టాడు. అది మళ్లీ నెట్టింది. ఆయన మళ్లీ పెట్టాడు. బిడ్డ ఆయన మోకాలి మీద కొట్టింది. ఆయన తల ఎత్తలేదు. రాయిని బొటనవేలితో గట్టిగా అదిమాడు. నాకు ఆయన్ని చూస్తే చిర్రెత్తుకొచ్చింది, ఉన్న పుండు మీద కారం ఎందుకు రాస్తున్నాడు ఈ మనిషి అని. లేచి వారించబోయాను.

ఈలోగా బిడ్డ రాయి లాక్కుని గోడకేసి విసిరింది. మోకాళ్ల మీద లేచి, రెండు చేతులతో ఆయన చెంపలు పట్టుకుని, ఆ ముఖాన్ని బలంగా తన వైపు ఎత్తింది.

"గాదు!" అంది.

అది మాటే. గొంతు పెట్టి అన్న మాట.

"రా... చ్చసులు... గాదు!"

నా ఒళ్లోంచి చాట జారి తంబాకు అంతా నేల పాలైంది. మామ మాత్రం నొసలు చిట్లించాడు. "ఏందీ? సమజ్ కాలే. మల్లొకసారి చెప్పు," అన్నాడు. అది ఇంకా కోపంగా, ఇంకా గట్టిగా, పెదవులు సాగదీసి మళ్లీ అంది. ఆయన మళ్లీ సమజ్ కాలేదన్నాడు. ఊళ్లో ఎవరి మూతినైనా చదివే మనిషి! అది మూడోసారి అరిచింది. ఆ అరుపు సందులోకి కూడా పోయింది. లూములు నడుస్తుంటే నాకు అది వినపడేది కాదు.

ఆయన తల ఊపాడు. "గాదు బిడ్డా. రాక్షసులు గాదు. నేను ఒప్పుకున్న," అన్నాడు. అది ఇంకా ఆయన చెంపలు వదలలేదు. అట్లాగే, దాని చేతుల మధ్య నుంచే, కళ్లు తిప్పి నన్ను చూశాడు. నా వాలకం చూసి ఆయనకు అనుమానం వచ్చింది.

"కోడలా, పోరి గొంతు పెట్టిందా?" అన్నాడు. "నాకు మూతి కనవడ్డది గని, గొంతు పెట్టిందా? ఖరే చెప్పు."

నేను తల ఊపాను.

"ఎట్లున్నది?"

చెప్పబోయాను. నోరు తెరిస్తే ఏడుపు వచ్చింది. ఏదో అన్నాను, నాకే తెలియదు ఏమన్నానో. ఆయన నా మూతి వైపే చూస్తూ, "వణుకుతున్నది నీ మూతి. నాకు తెలుస్తలేదు. నిమ్మళంగ చెప్పు," అన్నాడు.

నేను దగ్గరికి పోయి ఆయన ముందు కూర్చున్నాను. కొంగుతో ముఖం తుడుచుకున్నాను. ఒక్కొక్క మాటా విడదీసి, పెదవులు బాగా కదిపి చెప్పాను.

"బొంగురున్నది మామా. శాన దినాలైంది గద, జెర బొంగురున్నది. గని మంచిగున్నది. మస్తు మంచిగున్నది."

ఆయన నా మాటను పెదవుల మీద ఒకసారి తిప్పుకుని చూసుకున్నాడు. ముఖమంతా వెలిగిపోయింది.

"బొంగురా?" అన్నాడు. "నేను ఆఖరుగ విన్నప్పుడు నాది గూడ బొంగురే ఉండె."